మూడో నెల్

బ్రిడీ మల్వానీని అరెస్టు చెయ్యడానికి ఇన్‌స్పెక్టర్ డెరిక్ ప్రౌట్ శుక్రవారం సాయంత్రం అయిదింటికి థియేటరు వెనక ద్వారం గుండా లోపలికి వచ్చేసరికి, హెస్టర్ పిమ్ అప్పటికే స్టేజి మేనేజరు బల్ల ముందు కూర్చుని ఉంది. చేతిలో చల్లారిపోయిన టీ. ఆమెను చూడగానే ప్రౌట్ మొహం మాడింది. ఇరవై ఏళ్ల కిందట అతను కానిస్టేబుల్‌గా చేరినప్పుడు సాక్షితో ఎలా మాట్లాడాలో నేర్పిన సార్జెంటు ఈవిడే. ఇప్పుడు రిటైరై సొంతంగా విచారణలు చేసుకుంటోంది. ఈ కేసుకి ఆమెను పిలిపించుకున్నది నాటక బృందం.

"మళ్లీ మీరేనా మేడమ్? ఇంట్లో పిల్లికి పాలు పోసేవాళ్లు లేరా?" అన్నాడు ప్రౌట్.

"పిల్లి పోయింది డెరిక్. అందుకే తీరిక."

 అతను కోటు విప్పకుండానే గోడకి ఆనుకుని నిలబడి, తను వచ్చిన పని చెప్పాడు. ఏడు కావడానికి అయిదు నిమిషాల ముందు, తెరకి ముప్ఫై అయిదు నిమిషాలు ఉండగానే, 'అరగంట పిలుపు' అనేది పడుతుంది. అది పడ్డాక నటులెవరూ థియేటరు దాటి బయటికి వెళ్లకూడదు. ఏడున్నరకి తెర లేస్తుంది. ఆ పిలుపు పడేలోపే ఆ పిల్లని తీసుకుపోతే జనం కళ్ల పడకుండా పని అయిపోతుంది. ఈలోగా హెస్టర్ ఏం చూసుకోవాలనుకుంటే అది చూసుకోవచ్చు, తను కాదనడు.

స్టేజి మేనేజరు నోయెల్ ఆషర్ ఈ మాటలన్నీ తల వంచుకుని విన్నాడు. అతని బాధ అతనిది. 'ఉప్పుగాలి' నాటకంలో నెల్ వేషం తెలిసినవాళ్లు భూమ్మీద ముగ్గురే. ఒకామె వెళ్లిపోయింది, యజమానులు కబురు పెట్టినా ఆడుతుందో లేదో తెలియదు. ఒకామె బుధవారం రాత్రి చనిపోయింది. మిగిలింది బ్రిడీ. ఆమెను కూడా తీసుకుపోతే ఇవాళ తెర లేవదు. అసలే హాలు నిండని నాటకం, ఇవాళ లేవకపోతే మరెప్పుడూ లేవదు.

అతను చెప్పిన కథ ఇది. రేవులో చేపలు శుభ్రం చేసే పిల్ల నెల్. పడవ కోసం ఎదురుచూస్తుంది, పాడుతుంది, అది రాదు. నాటకమంతా అంతే. ఆ నెల్‌ని ఇమెల్డా రోస్కో నాలుగేళ్లు ఆడింది. ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు, అందులో సగం మంది భర్తలు పోయిన ఆడవాళ్లు, పదేసి సార్లు చూసినవాళ్లు. ఈ వసంతంలో ఇమెల్డాని మార్చేసి, టీవీలో అందరికీ తెలిసిన టామ్సిన్ వేల్‌ని పెట్టారు. మొదటి నెల జనం హాల్లో పట్టలేదు. ఆ తర్వాత టీవీ చూసి వచ్చేవాళ్లు ఒకసారి చూసి ఊరుకున్నారు. బస్సుల వాళ్లు అసలు రావడమే మానేశారు. వచ్చినవాళ్లు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు.

"టామ్సిన్ బాగా పాడలేదా?" అంది హెస్టర్.

బాగానే పాడింది, అన్నాడు నోయెల్. కాకపోతే ఆమె గొంతుకి తగ్గట్టు ప్రతి పాటా ఒక మెట్టు కిందికి దించాల్సి వచ్చింది. దాంతో వెనక పాడేవాళ్లకి ఊపిరి తీసుకునే చోటు మారింది. ఇమెల్డా ఒక మాట అని ఆగే చోట జనం నవ్వేవాళ్లు. టామ్సిన్ ఆగదు, జనం నవ్వరు, ఎదుటి నటుడికి తన మాట ఎప్పుడు అందుకోవాలో తెలియదు. ఒక మనిషి మారితే ఒక్క మనిషి మారినట్టు కాదండీ, ముప్ఫై మంది మళ్లీ నడక నేర్చుకోవాలి అన్నాడు. అన్నాక తన మాటకి తనే సిగ్గుపడినట్టు కళ్లజోడు తుడుచుకున్నాడు.

బుధవారం రెండు ఆటలు. మధ్యాహ్నం ఆట అయిదింటికి అయిపోయింది. అందరూ తినడానికి బయటికి వెళ్లారు. ఆరున్నరకి పైఅంతస్తుల ఇనప మెట్ల మీద నుంచి టామ్సిన్ వెనక్కి పడింది. తల పగిలింది. అంబులెన్సులో తీసుకెళ్లారు. అప్పటికి బతికే ఉంది, బాగానే ఉంటుందనుకున్నారు. కాస్త ఆలస్యంగా తెర లేపారు. బదులు నటి బ్రిడీ నెల్‌గా వెళ్లింది. రెండో అంకం నడుస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆ సంగతి నోయెల్ తనలోనే దాచుకుని, జనం చప్పట్లు అయ్యాక బ్రిడీకి చెప్పాడు.

ఇప్పుడు ప్రౌట్ గోడ దగ్గర్నుంచి కదిలాడు.

"నా మాట కూడా వినండి మేడమ్. విగ్గు. ఇక్కడ ఎవరి విగ్గు వాళ్ల తలకి కొలిచి చేస్తారు. టామ్సిన్‌ది బ్రిడీకి పట్టదు. బదులు నటి విగ్గు పెట్టెలో అణిగి చప్పిడిగా పడి ఉంటుంది. దాన్ని తడిపి, చుట్టలు చుట్టి, వెచ్చటి ఓవెన్లో పెట్టి తియ్యడానికి రెండు గంటలు పడుతుంది. టామ్సిన్ ఆరున్నరకి పడింది. ఏడుంబావుకి బ్రిడీ నెత్తి మీద విగ్గు తయారుగా ఉంది. ఆ పిల్లకి ముందే ఎలా తెలుసు?"

హెస్టర్ నోయెల్ వైపు చూసింది. ఎవరు రాత్రి ఆట ఆడతారో విగ్గుల గదికి కబురు పంపేది అతనే. తను పంపలేదని అతను తల అడ్డంగా ఊపాడు. విగ్గులు చూసే డిలిస్ ప్రోసర్ పోలీసులకి చెప్పిందట: అయిదు దాటాక ఎవరో తలుపు తట్టి, ఇవాళ రాత్రి బ్రిడీ ఆడుతుంది, ఆమె విగ్గు పెట్టెలోంచి తియ్యమని చెప్పి వెళ్లిపోయారు. ఆరబెట్టే యంత్రం చప్పుడులో గొంతు ఎవరిదో పోల్చుకోలేదు. ఆడగొంతే. చిన్న వయసు. టామ్సిన్‌ని మాత్రం మధ్యాహ్నం ఆట తర్వాత మళ్లీ చూడలేదు.

"చిన్న వయసు ఆడపిల్లలు ఆ టైములో థియేటర్లో ఇద్దరే. ఒకామె చచ్చిపోయింది," అన్నాడు ప్రౌట్.

"చచ్చిపోయినామెని నువ్వు లెక్కలోంచి తీసేశావేం డెరిక్?"

"తన బదులు ఇంకొకర్ని తనే పిలిపించుకుంటుందా, టీవీలో మొహం ఉన్న మనిషి? మీరు రిటైరయ్యాక మరీ మెత్తబడ్డారు."

హెస్టర్ టీ కప్పు బల్ల మీద పెట్టి లేచింది.

* * *

బ్రిడీకి గది ఇచ్చింది నాలుగో అంతస్తులో, అన్నిటికన్నా పైన. కింద పెద్ద గదిలో చోటు చాలక, ఒకప్పుడు పాత తెరలు పడేసే కొట్టులో ఆమెకి ఒక అద్దం, ఒక కుర్చీ వేశారు. ఆఖరి వరస మెట్లు ఆ గదికి తప్ప ఇంక దేనికీ పోవు. హెస్టర్ ఆ మెట్లు ఎక్కి, పై చివర ఆగి, మోకాలి మీద కూర్చుంది. మోకాలు నొప్పి పెట్టింది. మెట్లు నిటారుగా ఉన్నాయి. గోడకున్న దీపం వెలుగుతోంది. బుధవారం మాత్రం అది వెలగలేదని, బల్బు వదులుగా ఉంటే ఎవరో తర్వాత బిగించారని నోయెల్ చెప్పాడు. మెట్లన్నీ గురువారం పొద్దున కడిగేశారు. రక్తం ఎవరు చూస్తూ తిరుగుతారు? కానీ కడిగేవాళ్లు పైపైనే కడుగుతారు. హెస్టర్ అన్నిటికన్నా పై మెట్టు అంచు కింద వేలు పెట్టి తడిమింది. వేలు జారింది. వాసన చూసింది. మేకప్ తుడుచుకునే నూనె. అలాంటి సీసా ఈ థియేటర్లో ప్రతి అద్దం ముందూ ఉంది.

వెనక ప్రౌట్ వచ్చి నిలబడ్డాడు. ఆమె వేలు చూపించింది. అతను చూసి, మొహం కాస్త మారినా, వెంటనే సర్దుకున్నాడు. మరీ మంచిది, ఇక ప్రమాదం అనడానికి కూడా లేదు, పూసింది ఈ పిల్లే అన్నాడు.

"టామ్సిన్ గది కింద, స్టేజి పక్కన. ఆమె ఈ మెట్లు ఎక్కడం ఎవరూ చూడలేదు. ఆమె ఎక్కని మెట్టు మీద ఆమె కోసం నూనె పోస్తారా?" అంది హెస్టర్.

"పైకి రమ్మని పిలిచి ఉంటుంది. మాట్లాడాలి రా అని."

హెస్టర్ వేలు రుమాలుకి తుడుచుకుంది. ప్రౌట్ గడియారం చూసుకుంటూ కిందికి దిగిపోయాడు.

బ్రిడీ అద్దం ముందు కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. తెల్లగా పాలిపోయి, చలేస్తున్నట్టు చేతులు చంకల్లో దాచుకుంది. విగ్గు కింద పెట్టుకోవడానికి జుట్టంతా చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, పిన్నులు గుచ్చి, పైన సన్నని గుడ్డ టోపీ బిగించుకుంది. తనని పట్టుకుపోతారని తెలిసి కూడా ఆట కోసం తల తయారు చేసుకుంది. ఇన్‌స్పెక్టరు గారు ఎన్నింటికి తీసుకెళ్తారండీ అని అడిగింది, బస్సు ఎన్నింటికి అన్నట్టు.

హెస్టర్ కుర్చీ లేక కిటికీ అంచు మీద కూర్చుంది. బుధవారం సంగతి అడిగింది. బ్రిడీ బయటికి తినడానికి వెళ్లలేదు. రొట్టె తెచ్చుకుని ఇక్కడే తిని, మేజోళ్లు ఉతుక్కుంటోంది. ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడైంది. ఎవరా అనుకుంటుండగానే ఒక కేక, తర్వాత ఇనుము మీద దొర్లిన చప్పుడు. పరుగెత్తి చూస్తే టామ్సిన్ కింద మలుపులో పడి ఉంది. మరి నువ్వు జారలేదేమని హెస్టర్ అడిగింది. నేను మెట్ల మీద కాళ్లు పెట్టలేదు, పక్క కమ్మీ పట్టుకుని జారుతూ దిగాను, చిన్నప్పటి అలవాటు అంది బ్రిడీ. ఆ మాటకి నవ్వబోయి ఏడ్చింది.

"ఆమె చేతిలో ఏమైనా ఉందా?"

"తాళంచెవి. ఒకటో నంబరు గదిది, నెల్ ఆడేవాళ్లకి ఇచ్చే గది, ఆమె గది. గట్టిగా పట్టుకుంది. నేనే ఆమె వేళ్లు విప్పి తీశాను. మాట్లాడాలని చూసింది. మాట రాలేదు. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. జుట్టంతా నా చేతుల మీద పడింది. మెత్తగా... ఆమెకి అంత జుట్టు ఉందని నాకు అప్పుడే తెలిసింది."

హెస్టర్ కిటికీ అంచు మీద నుంచి ముందుకి వంగింది.

"జుట్టు విడిగా ఉందా?"

"అవునండీ. దువ్వి ఉంది."

"నీ తల మీద ఈ పిన్నులు ఎప్పుడు తీస్తావమ్మా?"

"రాత్రి ఆట అయ్యాక."

"రెండు ఆటలున్న రోజు మధ్యలో?"

మధ్యలో ఎవరు తీస్తారండీ, మళ్లీ చుట్టాలంటే గంట పని, ఆ టోపీతోనే తిని ఆ టోపీతోనే పడుకుంటాం అని చెబుతూ చెబుతూ బ్రిడీ ఆగిపోయింది. అద్దంలో హెస్టర్ మొహం చూసింది. ఆమెకి కూడా అప్పుడు అర్థమైంది. టామ్సిన్ ఆ రాత్రి ఆడదలచుకోలేదు. పిన్నులు తీసేయించుకుంది. తన గది తాళంచెవి బయటికి పోతూ గుమ్మం దగ్గర ఇచ్చి పోకుండా, నాలుగు అంతస్తులు ఎక్కి బ్రిడీ చేతిలో పెట్టడానికి వచ్చింది.

"నాకిద్దామనే వచ్చింది," అంది బ్రిడీ నెమ్మదిగా. "నేను ఆమెతో సరిగ్గా మాట్లాడేదాన్ని కూడా కాదు. మేమెవ్వరమూ మాట్లాడలేదు. ఇమెల్డా చోటుకి వచ్చిందని."

హెస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. నెల్ తల పిన్నులు తీసేది ఎవరు?

"డిలిస్. నెల్ తలని ఆవిడ ఇంకొకరిని ముట్టుకోనివ్వదు."

* * *

విగ్గుల గదికి వెళ్లే ముందు హెస్టర్ ఒకటో నంబరు గది తలుపు తట్టింది. బ్రిడీ లేకపోతే ఆటని నిలబెట్టడానికని యజమానులు ఇమెల్డా రోస్కోని పిలిపించారు. ఆమె వచ్చింది. గదిలో నిలబడే ఉంది, కోటు విప్పలేదు. అద్దం చుట్టూ టామ్సిన్‌కి వచ్చిన పువ్వులు ఇంకా ఎండుతున్నాయి. నలభై అయిదేళ్ల మనిషి. అందం ఎక్కడికీ పోలేదు. మెడకి మాత్రం ఉన్ని గుడ్డ గట్టిగా చుట్టుకుంది.

హెస్టర్ మర్యాదగానే అడిగింది. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి గెంటేశారట కదా, మీరు తిరిగి రావాలని కోరుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

"నన్నెవరూ గెంటలేదు. నేనే వెళ్తానన్నాను," అంది ఇమెల్డా.

చలికాలంలో మొదలైందట. రెండో అంకంలో ఎదురుచూపుల పాట, అందులో పైకి ఎత్తే చోట గొంతు పలకడం మానేసింది. ఒక రాత్రి వాద్యాలవాళ్లు ఆమె కోసం ఆగి, అంత సేపు ఆగి, చివరికి ఆమె లేకుండానే ముందుకి పోయారు. జనం అదేదో నటన అనుకుని ఏడ్చారు. డాక్టరు చూసి, ఇక అది తిరిగి రాదన్నాడు. గొంతు సంగతి చెప్పకుండా, వెళ్లిపోతానని మాత్రం చెప్పి ఆమె యజమానుల్ని బతిమాలింది, మీరే మార్చామని చెప్పండని.

"గొంతు పోయిందని చెప్పుకోవడం కన్నా గెంటేశారనిపించుకోవడమే నయమనిపించింది. ఇవాళ ఆ సంగతి చెప్పి వెళ్లిపోదామనే వచ్చాను. నేను పాడలేను. ఎవరు బతిమాలినా పాడలేను."

డిలిస్‌కి చెప్పారా అని హెస్టర్ అడిగింది.

ఇమెల్డా ఎండిన పువ్వు రేకు ఒకటి తుంపింది. నాలుగేళ్లు రోజూ ఆవిడ చేతుల్లో నా తల పెట్టాను, అంది. చెబితే ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే నేను వెళ్లలేను. ఆఖరి రాత్రి కూడా రోజూలాగే రేపు కలుద్దాం డిలిస్ అని చెప్పి వచ్చేశాను. రేపటి సంగతి ఆవిడకి నోటీసు బోర్డు మీద తెలిసింది.

 మనిషి వెళ్లిపోతున్నప్పుడు ఆ మాట నోటితో చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత? ఆమె ఇమెల్డాని తనతో రమ్మంది. విగ్గుల గది లోపలికి రానక్కర్లేదు, తలుపు బయట నిలబడితే చాలంది.

* * *

విగ్గుల గది మూడో అంతస్తులో. వెచ్చగా ఉంది, తడి వెంట్రుకల వాసన. డిలిస్ ప్రోసర్ అరవై దాటిన మనిషి, వేల్స్ నుంచి వచ్చింది, పొట్టిగా, చేతులు మాత్రం పెద్దవి. నోట్లో పిన్నులు పెట్టుకుని, చెక్క తల మీద ఎర్రటి విగ్గు ఒకదాన్ని దువ్వుతోంది. ఇంకా ఓవెన్ వేడి తగ్గలేదు. కూర్చోండమ్మా, ఇప్పుడే వస్తాను అంది, పిన్నుల మధ్య నుంచి.

గుమ్మంలో ప్రౌట్ వచ్చి నిలబడ్డాడు. ఆరున్నర దాటింది. టైమైంది మేడమ్ అన్నాడు.

హెస్టర్ చెక్క తల వైపు చూసింది. దాని మెడ మీద రంగు వెలిసిన పాత పట్టీ అతికించి ఉంది. బ్రిడీ పేరు కాదు దాని మీద ఉన్నది.

"ఎవరిది డిలిస్ ఇది?"

"ఇమెల్డాది." డిలిస్ నోట్లోంచి పిన్నులు తీసింది. "కింద ఆవిడ అడుగు విన్నాను. ఆ అడుగు నాకు తెలుసు."

"ఆవిడ ఇవాళ ఆడుతుందని నీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లని తీసుకుపోతారుగా, మరి ఎవరు ఆడతారు అంది డిలిస్. ఆ మాటలో ఏ కుళ్లూ లేదు. రాత్రయితే దీపం పెట్టాలి అన్నట్టు అంది.

"ఇప్పటికి రెండు గంటల కిందట మొదలుపెట్టి ఉంటావు," అంది హెస్టర్. "అప్పటికి ప్రౌట్ ఇంకా థియేటర్లో అడుగు పెట్టలేదు. నీకు మాత్రం ఇవాళ నెల్ ఎవరో తెలుసు. బుధవారం కూడా నీకు ముందే తెలిసింది. తలుపు బయట ఏ గొంతూ లేదు డిలిస్. టామ్సిన్ నీ కుర్చీలో కూర్చుంది. పిన్నులన్నీ నువ్వే తీశావు. జుట్టు నువ్వే దువ్వావు. ఇక రాను, బ్రిడీ విగ్గు తియ్యమని నీకే చెప్పింది. మధ్యాహ్నం తర్వాత ఆమెను చూడలేదని పోలీసులకి చెప్పావు. పడ్డప్పుడు ఆమె జుట్టు విడిగా ఉంది. బ్రిడీ ఒళ్లో పడింది ఆ జుట్టు."

డిలిస్ దువ్వెన ఆగలేదు. హెస్టర్ ఆమెను చూస్తూ మిగతాది ప్రౌట్‌కి చెప్పింది. మామూలు రోజున బ్రిడీ కాలు బెణికితే ఆటకి ఏమీ కాదు, వెనక వరసలో ఒక పిల్ల తగ్గుతుంది అంతే. బ్రిడీ నెల్‌గా వెళ్లాల్సిన రాత్రి బెణికితే మాత్రం తెర లేవదు. ఆమె మెట్ల మీద నూనె పోసినవాళ్లకి ఆ రాత్రి నెల్ ఆమేనని తెలిసి ఉండాలి. తెలిసింది ఒక్కరికే. నూనె టామ్సిన్ కోసం కాదు. టామ్సిన్ పైకి ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు.



డిలిస్ విగ్గు చెవి దగ్గర ఒక పాయ సరిచేసింది. మీ దగ్గర రుజువు లేదమ్మా అంది, నెమ్మదిగానే. ఆ పిల్లని నాలుగు రోజులుంచి వదిలేస్తారు. ఏమీ చెయ్యలేదుగా, వదిలేస్తారు. ఈలోపు ఇమెల్డా ఆడుతుంది. బస్సులు మళ్లీ వస్తాయి. అందరూ చూస్తారు. ఎందుకు తీసేశామా అని ఆ పైవాళ్లు ఏడుస్తారు.

"డిలిస్. ఆవిడ పాడలేదు."

"ఎవరు?"

"ఇమెల్డా గొంతు పోయింది. చలికాలంలోనే. ఆవిడే వెళ్తానని అడిగింది. ఎవరూ తీసెయ్యలేదు."

డిలిస్ నవ్వింది. మీకెవరో చెప్పిన అబద్ధం అంది. నాతో చెప్పకుండా ఉంటుందా? రోజూ నా దగ్గర కూర్చునేది. పంటి నొప్పి వచ్చినా నాకే చెప్పేది. అలా అంటూ తలుపు వైపు తిరిగింది. ప్రౌట్ వెనక, కోటు వేసుకుని, మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని ఇమెల్డా నిలబడి ఉంది.  ఆమె తల వంచుకుంది.

అప్పుడు దువ్వెన ఆగింది.

"నాతో చెప్పలేదేమ్మా," అంది డిలిస్.

ఆ తర్వాత ఆమె అన్నీ చెప్పింది. ఎవరూ అడగక్కర్లేకపోయింది. కాలు బెణికితే చాలనుకుంది. బల్బు తిప్పింది, ఒక్క మెట్టుకే నూనె రాసింది. బ్రిడీ అరగంట పిలుపుకి దిగుతుంది, కింద పడుతుంది, కూర్చుండిపోతుంది, ఇమెల్డాకి ఫోను చేస్తారు. టామ్సిన్ మెట్లెక్కడం ఆమె వినలేదు. అప్పటికి ఓవెన్ దగ్గర ఉంది. ప్రౌట్ ఒక్క ప్రశ్న అడిగాడు. బ్రిడీని ఆపాలనుకున్నదానివి, ఆమె విగ్గు ఎందుకు తీశావు? నిన్ను పట్టించింది అదే కదా.

డిలిస్ అతన్ని అర్థం కానట్టు చూసింది.

"ఒకవేళ పడకపోతేనో బాబూ? ఆ పిల్ల చప్పిడి తలతో జనం ముందుకి వెళ్లాలా?"

గోడకున్న స్పీకర్లో నోయెల్ గొంతు వినిపించింది. అరగంట పిలుపు.  నెల్ ఎవరో అతనికింకా తెలియదు.

బ్రిడీ గుడ్డ టోపీతో లోపలికి వచ్చింది. ఎవరూ తనని ఆపకపోవడంతో రోజూలాగే డిలిస్ కుర్చీలో కూర్చుని తల వంచింది. ఆ వంచిన మెడ చూడలేక హెస్టర్ మొహం తిప్పుకుంది. డిలిస్ చేతులు లేచి, సగంలో ఆగిపోయాయి.

"నీది తియ్యలేదు తల్లీ ఇవాళ. పెట్టెలోనే ఉంది," అంది.

బ్రిడీ అద్దంలో పైకి చూసింది. వేడి విగ్గు ఎవరిదో చూసింది. ఇమెల్డా మొహం చూసింది, ప్రౌట్ ఎవరి పక్కన నిలబడ్డాడో చూసింది.  ఆమె లేచి కుర్చీకి దూరంగా జరిగి, టోపీ లాగేసి, పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పడేసింది.  గోధుమరంగు జుట్టు, పల్చటిది, చుట్టల వల్ల వంకరలు తిరిగి ఉంది. దాన్ని రెండు చేతులతో వెనక్కి లాగి వదులుగా ఒక జడ వేసుకుంది. నెల్ ఎర్రజుట్టుది అని ఈ నాటకం చూసినవాళ్లందరికీ తెలుసు. ఎవరైనా వద్దంటారేమోనని ఒక్కసారి అందరి వైపూ చూసి, గది దాటి వెళ్లిపోయింది.

ప్రౌట్ డిలిస్ చెయ్యి పట్టుకోలేదు. రండి అన్నాడు, పెద్దావిడతో మాట్లాడినట్టు. ఆమె ఏప్రాను విప్పి కొక్కేనికి తగిలించింది. ఓవెన్ ఆర్పింది. గుమ్మం దగ్గర ఇమెల్డా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నాలుగడుగులు వేశాక డిలిస్ ఆగి, వెనక్కి తిరగకుండా అంది.

"ఆ జడ గట్టిగా లేదు. రెండో అంకంలో ఊడిపోతుంది. ఎవరైనా చూడండి."

హెస్టర్‌కి జడల సంగతి తెలియదు. ప్రౌట్‌కి అసలే తెలియదు.  ఇమెల్డా మెడకి చుట్టుకున్న గుడ్డ తీసేసి, బల్ల మీది పిన్నులు గుప్పెట్లోకి తీసుకుని, బ్రిడీ వెనక కిందికి పరుగెత్తింది. ఆ అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా డిలిస్ మెట్ల మలుపులో నిలబడే ఉంది. ప్రౌట్ ఆమెను తొందర పెట్టలేదు.